అరవై సైకిళ్ళ తిరగలి

ఆ లోయలో రెండు ఊళ్ళకీ వైర్లు వేరు, వైరం మాత్రం ఉమ్మడి.

పై ఊరు కమిసవ, కింది ఊరు షిమొసవ. మధ్యన వాగు, వాగు మీద చెక్క వంతెన, వంతెనకి పై గట్టున గుడి. కమిసవకి వచ్చేది తూర్పు కంపెనీ కరెంటు, సెకనుకి యాభై సైకిళ్ళు. షిమొసవకి వచ్చేది పడమటి కంపెనీ కరెంటు, అరవై సైకిళ్ళు. దేశానికి నడుమ గీత గీసినట్టు తూర్పంతా యాభై, పడమరంతా అరవై. ఆ గీత ఎక్కడో ఒకచోట కాలు మోపాలి గదా, వచ్చి వచ్చి ఈ వంతెన మీద మోపింది. కింది ఊరి గ్రామఫోను పైకి మోసుకొస్తే పెళ్ళిపాట కాస్తా ఏడుపుపాటయ్యేది. పై ఊరి గోడ గడియారం కిందికి దింపితే గంటకి పన్నెండు నిమిషాలు ముందుకురికి, రాని రైలుకి జనాన్ని పరిగెత్తించేది. జనం ఆ వస్తువుల్ని తిట్టేవాళ్ళే గానీ, తప్పు కరెంటుదని ఎవరికీ తట్టలేదు. యాభైకి యాభై కలిపితే నూరు. యాభైకి అరవై కలిపితే పళ్ళు నూరు. అంతే లెక్క.

యుద్ధం ముగిసిన పన్నెండేళ్ళకి సర్కారువాళ్ళు ఈ రెండు ఊళ్ళనీ కలిపి ఒక్క ఊరని కాయితం రాశారు. కాయితం మీద కలిశాయి. కరెంటు మీద కలవలేదు, కడుపులో అసలు కలవలేదు.

పై ఊళ్ళో తిరగలి నడిపేది తోమె. ఏడుగురు ఆడపిల్లల తర్వాత ఎనిమిదోది పుట్టేసరికి వాళ్ళ నాన్న విసిగిపోయి ఆ పేరు పెట్టాడు. తోమె అంటే 'ఇక ఆపు' అని. ఆ మాట దేవుడు విన్నాడు, తొమ్మిదోది పుట్టలేదు. తోమె మాత్రం వినలేదు. యాభై మూడేళ్ళొచ్చినా ఆ నోరు ఆగింది లేదు. ఎదురొచ్చిన వాణ్ణల్లా బూడిద అక్కర్లేకుండా తోమి బోర్లించేది.

అందరికంటే ఎక్కువ తోమింది మరిదిని. గెంజో అతని పేరు. కింది ఊళ్ళో రైల్వే స్టేషను పక్కన తిరగలీ, దాని ముందే సోబా గింజల పిండితో చేసే సేమియా కొట్టూ. వదినా మరిదీ తొమ్మిదేళ్ళుగా మాట్లాడుకోరు. తిట్టుకోవడం మాటల కిందికి రాదు గనక అది మానలేదు.

తగువు రాయి దగ్గర మొదలైంది. మామగారు తొరజిరో బతికుండగా వాగు నీటి చక్రం మీద రెండు తిరగళ్ళు తిప్పేవాడు. ఒకటి మామూలు రాయి. రెండోది నల్లరాయి, ఆయన తాత ఎక్కడో కొండ వెనకనుంచి ఎద్దుల మీద తెప్పించింది. దాన్లో పడ్డ సోబా పిండి వాసన వంతెన దాటి వచ్చేదట. పోయేముందు ఆయన పంపకాలు చేశాడు. పెద్దవాడికి ఇల్లూ, తిరగలి పాకా, మామూలు రాయీ. చిన్నవాడికి ఇల్లు లేదు గనక నల్లరాయి. తోమె మొగుడు "న్యాయమే" అన్నాడు. తోమె ఆ మాట ఈ రోజుకీ క్షమించలేదు. మొగుడు పోయి అయిదేళ్ళయినా, దేవుడి అలమరలో అతని పేరు రాసిన పలక ముందు అన్నం పెట్టినప్పుడల్లా "న్యాయం తిను" అనే పెడుతుంది.

పంపకాల ఏడే మొగుడు పట్నం వెళ్ళి, ఒకే కొట్లో, ఒకే రకం మోటార్లు రెండు, ఒకే కొలత పుల్లీలు రెండు కొనుక్కొచ్చాడు. ఒకటి తనకి, ఒకటి తమ్ముడికి. వాటాల్లో తేడా వచ్చినా వాట్లలో రాకూడదనుకున్నాడు పాపం. పై ఊళ్ళో ఆ మోటారు రాయిని నిమిషానికి ఇరవై చుట్లు తిప్పింది. కింది ఊళ్ళో అదే మోటారు, అదే పుల్లీ, రాయిని ఇరవై నాలుగు చుట్లు తిప్పింది. గెంజో ఛాతీ అంత మేరా ఉబ్బింది. "అన్న మోటారు నడుస్తుంది, నాది పరిగెడుతుంది" అని కొట్టుకొచ్చిన వాడికల్లా చెప్పాడు.

సోబా గింజది పరమ పిరికి ప్రాణం. రాయి తొందరపడితే వేడెక్కి, ఉన్న వాసన కాస్తా ఊదేసుకుంటుంది. రైలెక్కే తొందర్లో వేడి చారులో ముంచుకుని జుర్రేవాళ్ళకి అది తెలీలేదు. గెంజోకీ తెలీలేదు. తండ్రి నల్లరాయిలోంచి తండ్రి వాసన ఎందుకు రావట్లేదో అని అప్పుడప్పుడూ గింజుకునేవాడు గానీ, తప్పు గింజల మీదికి నెట్టేవాడు.

తోమెకి మాత్రం కరెంటు తేడా తెలుసు. స్తంభమెక్కిన లైనుమేనొకడు చెప్పాడు. అది ఆమె మనసులో పెట్టుకుంది, మరిది చెవిలో పెట్టలేదు.

*

ఆ శరదృతువులో సహకార సంఘం వాళ్ళు మీటింగు పెట్టారు. సంఘం పెద్ద కురొయానగి. పేరు చివర 'నగి' ఉందన్నమాటే గానీ ఆ మొహం నగగా చూసినవాళ్ళు లేరు. లేచి, కళ్ళద్దాలు తుడుచుకుని చెప్పాడు.

"ఊరొకటయ్యింది గనక సంఘం తిరగలీ ఒకటే ఉంటుంది. రెండు ఊళ్ళ సోబా అంతా అక్కడే ఆడాలి. గుడికి తొలి సోబా నైవేద్యం కూడా అక్కణ్ణుంచే. రెండోది మూసెయ్యాలి. ఏది ఉంచాలో పోటీ పెట్టి తేలుద్దాం."

పిండితార్థం ఏమిటంటే, ఇద్దర్లో ఒకరికి బతుకుతెరువు, ఒకరికి తాళంకప్ప.

"పోటీ మా సంఘం హాల్లో పెట్టండి" అన్నాడు గెంజో ముందే. ఆ హాలు షిమొసవలో ఉంది. "గచ్చు నేల, పెద్ద గది. అందరి కళ్ళముందూ ఆడదాం. ఎవరి తిరగలి వాళ్ళు బండి మీద తెచ్చుకోవడమే."

తోమె గుండెలో రాయి పడింది. తన రాయి కింది ఊళ్ళో ఇరవై నాలుగు తిరుగుతుంది. పిండి మాడుతుంది. మాడిన పిండితో గెలిచినవాళ్ళు లేరు.

"నా రాయి వంతెన దిగదు" అంది.

"ఏం వదినా, దానికి కళ్ళు తిరుగుతాయా?"

"తిరుగుతాయి. మీ కరెంటుకి పిచ్చి. అరవై సైకిళ్ళు. మా మోటార్లు దాంతో వెర్రెత్తిపోతాయి."

హాలంతా ఘొల్లుమంది. గెంజో ఆ నవ్వులోకి దూకి ఈత కొట్టాడు.

"విన్నారా! కరెంటులో రకాలున్నాయట! కల్లులో పులుపుందనీ తీపుందనీ చెప్పినట్టు! వదినగారూ, కరెంటు కరెంటే. మీటనొక్కితే వెలుగుతుంది, ముట్టుకుంటే చస్తాం. ఎక్కడైనా అంతే. ఓడిపోతామని భయంగా ఉంటే ఆ మాట చెప్పు, మధ్యలో సైకిళ్ళని తొక్కడం దేనికీ?"

"కరెంటు కరెంటేనా?"

"కరెంటు కరెంటే!"

"ఎక్కడైనా ఒకటేనా?"

"ఇంకా ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

"చాల్లే, ఇంతమంది విన్నారు." తోమె కురొయానగి వైపు తిరిగింది. "అయ్యా, అతనికి ఎక్కడైనా ఒకటేనట. నాకు కాదు. మరి గుళ్ళో పెట్టండి. దేవుడు రెండు ఊళ్ళకీ చుట్టమే గదా."

గుడి వంతెనకి పై గట్టున ఉంది. గుళ్ళో దీపం తూర్పు కరెంటుతో వెలుగుతుంది. గెంజో నోరు తెరిచాడు. ఇందాకటి మాట ఇంకా హాల్లో గిరగిరా తిరుగుతూనే ఉంది. దాన్ని పట్టి మింగితే గానీ కొత్తమాట బయటికి రాదు. మింగడం అతనికి చేతకాదు. నోరు మూశాడు.

తోమె ఇంటికి వెళ్తూ దారి పొడుగునా తనలో తను నవ్వుకుంది. తన రాయి తన యాభైలోనే, తన ఇరవై చుట్లే తిరుగుతుంది. అంతవరకే ఆలోచించింది. ఆ యాభై మరిది రాయిని ఏం చేస్తుందో ఆలోచించలేదు. శత్రువుకి జరగబోయే మేలు గురించి ఆలోచించే అలవాటు ఆమెకి పుట్టుకనుంచీ లేదు.

*

పోటీనాడు పొద్దున్నే గుడి వసారాలో రెండు తిరగళ్ళు దిగాయి. ఒకటి మామూలు రాయి. రెండోదాని మీద కప్పిన గోనె తీసేసరికి పై ఊరి ముసలాళ్ళు కొందరు తెలీకుండానే తల వంచారు. నల్లరాయి తొమ్మిదేళ్ళ తర్వాత వంతెన ఎక్కింది.

రుచి చూసేవాళ్ళు ముగ్గురు. గుడి పూజారి, కురొయానగి, ఇసె అవ్వ. అవ్వకి ఎనభై ఆరు, తొరజిరో పిండి ఏళ్ళ తరబడి తిన్న మనిషి. కళ్ళు కనపడవు. నిప్పుల కుంపటి పక్కన, సరిగ్గా తోమె తిరగలి వెనక, దుప్పటి కప్పుకుని కునుకుతోంది.

రెండు తవ్వల కొత్త సోబా గింజలు చెరోవైపు పోశారు. పూజారి చేతులు తట్టాడు. మీటలు నొక్కారు.

పిండి ఆడేటప్పుడు తోమె పాడుతుంది. అలవాటు కాదు, అదే కొలత. అత్తగారు నేర్పిన పాట, ఒక చరణానికి రాయి ఒక చుట్టు తిరగాలి. పాట ముందుకి పోతే రాయి నెమ్మది, రాయి ముందుకి పోతే పిండి గోవిందా.

*కొండ మీద మంచు కూచుంది, తిరుగు రాయీ,*
*కోడలింకా లేచి రాలేదు, తిరుగు రాయీ,*
*నల్లగింజ తెల్లబోయింది, తిరుగు రాయీ...*

మూడో చుట్టు తిరిగేసరికి ఆమె పాట తడబడింది. పాట తన రాయితో కుదిరింది. మరిది రాయితోనూ కుదిరింది. పక్కనుంచి నల్లరాయి చరణం చరణానికీ సరిగ్గా వచ్చి ఆగుతున్నట్టు, ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ కదులుతున్నట్టు తిరుగుతోంది. తొమ్మిదేళ్ళ కింద నీటి చక్రం మీద తిరిగినట్టే. ఇరవై చుట్లు. ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు.

తర్వాత వాసన వచ్చింది.

ముందు పచ్చిగా, కోసిన గడ్డిలాగా. దాని వెనక వేయించిన గింజలాగా. దాని వెనక, పేరు పెట్టడానికి లేనిది, పెళ్ళయి వచ్చిన మొదటి శీతాకాలం మామగారి పాకలో ఆమె ముక్కుకి తగిలినది. తోమె చెయ్యి గింజల మీద ఆగిపోయింది. తన రాయి కిందనుంచి వచ్చేది పిండి. అక్కణ్ణుంచి వచ్చేది మామగారు.

వెనక దుప్పటి కదిలింది. ఇసె అవ్వ తల ఎత్తింది.

"ఎవరే అమ్మాయీ?" గొంతు గాలికంటే పల్చగా ఉంది. "తొరజిరో వచ్చాడా?"

గాలి ఇటే ఉంది గనక వాసన వాళ్ళిద్దరికే తగిలింది, జనం గోలలో ఆ మాట తోమెకి తప్ప ఎవరికీ వినపడలేదు.

"రాలేదవ్వా. పడుకో" అంది.

ఆమెకి అంతా ఒక్కసారి అర్థమైంది. కింది ఊళ్ళో అరవై ఆ రాయిని తరిమి తరిమి చంపింది. ఇక్కడ యాభై దానికి ప్రాణం పోసింది. పోయించింది తనే. పట్టుబట్టి గుళ్ళో పెట్టించింది తనే. ఇంకో గంటలో ఆ పిండి గిన్నెలోకి వెళ్తుంది. అవ్వ ఒక్క పోగు నోట్లో పెట్టుకుంటే చాలు. ఆ తర్వాత తన పాకకి తాళంకప్ప.

మరిది వైపు చూసింది. గెంజో ముక్కుతో పీల్చట్లేదు. కళ్ళతో రాయిని చూస్తున్నాడు. రోజూ పరిగెత్తే రాయి నడుస్తోంది. మెడ వెనక చెమట. ఒకసారి మోటారు మీద చెయ్యేసి చూశాడు, ఒకసారి బెల్టు లాగి చూశాడు. జనం కూడా చూస్తున్నారని అతనికి తెలుసు. కరెంటు కరెంటే అన్నవాడు తన మోటారు నీరసపడిందని ఎలా అంటాడు?

తోమెకి ఒక్క మాట చాలు. జీవితమంతా ఆ ఒక్క మాటకే సాధన చేసినట్టుంది.

"ఏమయ్యా మరిదీ!" అంది, గుడి గంట కూడా ఉలిక్కిపడేలా. "నీ రాయికి నడుం పట్టేసిందా? కింద పరుగులు తీస్తుందని ఊరంతా డప్పు కొట్టావు, కొండెక్కేసరికి ఆయాసమా?"

జనం కిసుక్కుమన్నారు.

"నోరు ముయ్యి వదినా!"

"నా నోరు మూస్తే నీ రాయి లేస్తుందా? పాపం, కాస్త జావ పట్టు దానికి. లేకపోతే వీపు మీద ఎక్కించుకుని తిప్పు, ఇంత పుణ్యం చేసుకున్నట్టుంటుంది!"

కింది ఊరివాళ్ళే ముందు నవ్వారు. అదీ అతన్ని కోసింది. మొహం ఉడికిన పీతలా ఎర్రబడింది. పనిముట్ల సంచీ విదిలించి తోలుపట్టీ ఒకటి లాగాడు. మీట ఆపి, బెల్టు తప్పించి, మోటారు పుల్లీ చుట్టూ తోలు బిగించి చుట్టాడు. పుల్లీ లావెక్కితే రాయి వేగం పెరుగుతుంది. బెల్టు జారితే, అరిగితే అందరూ చేసే పనే. మళ్ళీ మీట నొక్కాడు.

నల్లరాయి ఒళ్ళు విదిల్చుకుని పరుగందుకుంది. ఇరవై నాలుగు.

"ఇప్పుడు చూడు!" అన్నాడు గెంజో.

"చూస్తున్నా" అంది తోమె.

ఎంతోసేపు పట్టలేదు. వాసన ముందు పల్చబడింది, తర్వాత పోయింది. గోనె కాలిన కంపు కొంచెం, దాని వెనక ఏమీ లేదు. తోమె మళ్ళీ పాట ఎత్తుకుంది. ఈసారి పక్క రాయి పాటని దాటేసి పోయింది. ఆమె మాత్రం ఒక్క చరణమూ తప్పలేదు. తర్వాత తలుచుకుంటే అదే ఆమెకి అన్నిటికంటే వింతగా అనిపించింది.

పిండి కలిపి, పల్చగా ఒత్తి, సన్నగా కోసి, ఉడికించి, చన్నీళ్ళలో తీసి, చారు లేకుండా వట్టి నీళ్ళ గిన్నెల్లో పెట్టారు. తొలి ముద్ద అలాగే తినాలి, వాసన తెలియాలని. ఏ గిన్నె ఎవరిదో తినేవాళ్ళకి చెప్పరు. పూజారి ఎడమ గిన్నె చూపించాడు. కురొయానగి రెండు గిన్నెలూ రెండేసిసార్లు జుర్రి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఎడమ గిన్నే చూపించాడు. ఎడమది తోమెది.

ఇసె అవ్వ రెండూ తింది. రెండు గిన్నెలూ కింద పెట్టింది.

"ఏదవ్వా?" అన్నాడు పూజారి.

"ఏదీ కాదు" అంది అవ్వ. "పొద్దున్న వచ్చిందే, అది ఏ గిన్నెలో పెట్టార్రా?"

పెద్దావిడకి నిద్రమత్తు వదల్లేదని సర్దుకున్నారు. ముగ్గురిలో ఇద్దరు చాలు. తిరగలి తోమెది.

గెంజో తోలుపట్టీ విప్పి చుట్ట చుట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ వంతెన దగ్గర ఎవరో "కరెంటు కరెంటే గదన్నా" అని అంటించారు. వెనక్కి తిరగలేదు.

*

గెలుపు కూడా సోబాలాంటిదే, చల్లారితే అతుక్కుపోతుంది.

రెండు ఊళ్ళ గింజలూ తోమె పాకలోకి వచ్చాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆడింది. ఎవరూ వంక పెట్టలేదు. బాగుందన్నారు. ఆ 'బాగుంది' ఆమెకి పంటి కింద రాయిలా తగిలేది. బాగుండటం వేరు, ఆ రోజు పీల్చింది వేరు. ఇసె అవ్వ ఇంటికి పిండి పంపితే, "బాగుందిలే అమ్మా" అని కబురొచ్చింది. కబురొచ్చిన రోజంతా ఆ నోటికి జడిసి పాకలో ఎవరూ తోమె దగ్గరికి పోలేదు.

ఇంతలో గెంజో కొట్టు మూసేశాడనీ, నల్లరాయిని ఆకుకూర ఊరబెట్టే తొట్టి మీద బరువుకి పెట్టాడనీ తెలిసింది.

ఆ మాట విన్న మర్నాడు మధ్యాహ్నం తోమె వంతెన దిగింది.

గెంజో పెరట్లోనే ఉన్నాడు, ముల్లంగులు కట్టలు కడుతూ. తల ఎత్తలేదు.

"దారి తప్పావా వదినా? పైకి అటు."

"రాయి కావాలి."

"ఏ రాయి?"

తోమె వేలు పెట్టి చూపించింది. పెద్ద చెక్కతొట్టి, మీద మూత, మూత మీద నల్లరాయి, పైదీ కిందిదీ ఒకదాని మీద ఒకటి. అంచున ఉప్పునీరు కారుతోంది.

"అది తిరగలి కాదు. ఊరగాయ బరువు. ఊళ్ళో తిరగలి ఒకటే ఉండాలన్నారుగా, నేను చట్టం దాటేవాణ్ణి కాదు."

"ఆ రాయి మీద ఉప్పు పోస్తావా? నీ బాబు చూస్తే ఏమంటాడు?"

"మా బాబు నాకిచ్చాడు. నీకిచ్చుంటే నీ తల మీద పెట్టుకునేదానివి."

"ఏం కావాలో చెప్పు, ఇస్తాను."

"నాకు కావలసింది నీ దగ్గర లేదు. ఆ రోజు అంతమందిని నా మీద నవ్వించావు. అది వెనక్కి ఇవ్వగలవా?"

తోమె నిలబడే ఉంది. బతిమాలడం ఆమెకి రాదు. వచ్చింది ఒకటే, తోమడం. అందుకని అదే చేసింది.

"విను అయితే. ఆ రోజు నీ రాయికి నడుం పట్టలేదు. ఆ రోజే అది సరిగ్గా నడిచింది. మా యాభైలో ఇరవై చుట్లు తిరిగింది, పాటకి పాట. మీ అరవైలో తొమ్మిదేళ్ళుగా తరుముతున్నావు దాన్ని. నీ బాబు పిండిని తొమ్మిదేళ్ళు మాడ్చి రైలోళ్ళకి పోశావు. ఆ పొద్దున్న ఆ వాసన వచ్చింది. ఇసె అవ్వ లేచి నీ బాబు వచ్చాడా అనడిగింది. నువ్వు గెలిచిపోతున్నావు. అందుకని నవ్వాను. నవ్వితే నువ్వు తోలు చుడతావని తెలిసే నవ్వాను. గెలిచిన పిండిని నీ చేత్తో నువ్వే కాల్చుకున్నావు, మరిదీ."

గెంజో ముల్లంగి కట్ట కింద పెట్టాడు.

"తొమ్మిదేళ్ళా" అన్నాడు.

"తొమ్మిదేళ్ళు."

"నీకు ముందునుంచీ తెలుసా?"

"సైకిళ్ళ సంగతి తెలుసు. నీ రాయి సంగతి ఆ రోజే తెలిసింది."

"ఇప్పుడెందుకు చెప్పావు? తప్పు ఒప్పుకోవడానికా?"

"రాయి కావాలి గనక చెప్పాను. ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో పో. కరెంటు కరెంటు కాదని సంఘంలో లేచి చెప్పు."

గెంజో ఆమెని మొదటిసారి తిన్నగా చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపమైతే ఆమెకి అలవాటే. అది ఇంకేదో, బరువు తూచేవాడి చూపు.

"రేపు పంపిస్తా" అన్నాడు. "బండి మాట్లాడతా. ఇక పో."

తోమె అయిదేళ్ళలో మొదటిసారి ఆ రాత్రి మొగుడి పలక ముందు ఏమీ అనకుండా అన్నం పెట్టింది.

మర్నాడు పొద్దెక్కాక ఎద్దుబండి వచ్చింది. నలుగురు రాయిని మోసి పాకలో దించారు. తోమె దాన్ని కడిగి, ఉప్పు పోయేదాకా మళ్ళీ కడిగింది. చుట్టూ తిరిగి చూసింది. బండి మీద చూసింది. బండి కిందా చూసింది.

"రెండోది ఏదీ?"

బండివాడు తల గోక్కున్నాడు. "ఒకటేనమ్మా ఇచ్చింది. చెప్పమన్న మాట చెప్తా, నామీద పడకండి. పై ఊరికి పై రాయట. కింది ఊరికి కింది రాయట. మా బాబు పంపకం కంటే నా పంపకం న్యాయంగా ఉందని వదినకి చెప్పు అన్నాడు."

పై రాయి లేకుండా కింది రాయి ఊరగాయ బరువు. కింది రాయి లేకుండా పై రాయి వట్టి బండ. తోమె బండివాణ్ణి ఏమీ అనలేదు. అతనికి అదే భయమేసి త్వరగా వెళ్ళిపోయాడు.

నలుగుర్ని పిలిచి నల్లరాయిని తన మామూలు కింది రాయి మీద పెట్టించింది. పిడికెడు గింజలు పోసి, బెల్టు తీసేసి, చేత్తో తిప్పింది. పై రాయి గాట్లు ఒకవైపు, కింది రాయి గాట్లు ఇంకోవైపు. కీచుమంటూ తిరిగి, గింజల్ని పొట్టుతో సహా చితక్కొట్టి బయటికి ఉమ్మేసింది. వేలితో తీసి వాసన చూసింది. రాతిపొడి వాసన తప్ప ఏమీ లేదు.

నల్లరాయిని మళ్ళీ దింపించి, తలకిందులుగా తిప్పించింది. మసి రాసి, కాయితం పరిచి, దాని గాట్లన్నీ అచ్చు తీసింది. ఎన్ని గాట్లు, ఎంత వాలు, ఎంత లోతు. ఆ కాయితాన్ని తన కింది రాయి మీద పరిచింది. తాతలనాటి గాట్లు తన రాయిలోకి రావాలంటే వేలెడు మందం చెక్కాలి. చలికాలం అంతా పడుతుంది. వసంతానికి అయితే అయినట్టు. అయినా వాసన వస్తుందో రాదో, తొరజిరో కూడా చెప్పలేడు.

ఉలి తీసుకుంది, సుత్తి తీసుకుంది. మొదటి దెబ్బ కొట్టింది.

"గెంజో" అంది.

రెండో దెబ్బ.

"గెంజో, నీ చేతులు పడిపోను."

రాతి ముక్క ఎగిరి బుగ్గకి తగిలింది. తుడుచుకోలేదు. మూడో దెబ్బకి ఇంకా పెద్ద తిట్టు వెతుక్కుంటూ సుత్తి ఎత్తింది.